కంపెనీ ఊరి మైకమ్మ

ప్రభుత్వం తమ ఊరి ప్రత్యేక హోదా రద్దు చేసిందన్న సంగతి ఊరందరికీ చెప్పింది మధులతే.

రోజూ పొద్దున్న ఎలా చెప్పేదో ఆ రోజూ అలాగే చెప్పింది. పట్టణ మండలి ఆఫీసు నుంచి వచ్చిన చీటీ విప్పి, ఒక గుక్క మంచినీళ్ళు తాగి, మైకును వేలితో తట్టి చూసుకుని చదవడం మొదలుపెట్టింది. బి సెక్టారుకి నీళ్ళు కొంచెం ఆలస్యంగా వస్తాయని చదివింది. ఫ్యాక్టరీ బస్సు ఆ రోజుకి స్కూలు సందులోంచి తిరిగి వెళ్తుందని చదివింది. ఆ తరవాత అదే గొంతుతో, "రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ప్రకారం రత్నకేతు ప్రత్యేక స్వపరిపాలనా ప్రాంతం రద్దయింది. పట్టణ మండలి అధికారాలన్నీ ఈ రోజుతో ముగుస్తాయి. ఇకమీదట మన ఊరు నగరపాలక సంస్థ కిందికి వస్తుంది. ధన్యవాదాలు" అని చదివింది.

ధన్యవాదాలన్న మాట చీటీలో లేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

యారాడ కొండ దాటి దక్షిణంగా పోతే, కొండకీ సముద్రానికీ మధ్య ఒదిగినట్టు ఉంటుంది రత్నకేతు నగర్. రత్నకేతు అన్నది లోహాలు కరిగించే పెద్ద కంపెనీ. ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట, ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టాలని బతిమాలి తెచ్చుకున్న రోజుల్లో, ప్రభుత్వం ఆ కంపెనీకి ఏకంగా ఒక ఊరినే రాసిచ్చింది. రోడ్లు కంపెనీవి, నీళ్ళు కంపెనీవి, వీధిదీపాలు కంపెనీవి. ఇంటికి ఏ రంగు వెయ్యాలో, డాబా మీద బట్టలు పిట్టగోడకి ఎంత కిందుగా ఆరెయ్యాలో, పెళ్ళి పందిట్లో పాటలు ఎప్పుడు ఆపాలో కంపెనీ నియమించిన పట్టణ మండలి చెప్పేది. కార్పొరేటరు అనే ఆయన ఒకడుంటాడని అక్కడి పిల్లలు పాఠాల్లో చదువుకోవడమే గాని చూసి ఎరగరు. ఊరి సంగతులు ఊరివాళ్ళకి మైకులో వినపడేవి. స్తంభం స్తంభానికీ ఒక హారన్ ఉండేది. ఆ హారన్లలోంచి వచ్చే గొంతు మధులతది.

వాళ్ళ నాన్న రాజోలు దగ్గర కొబ్బరితోటల్లోంచి వచ్చి కొలిమి డిపార్ట్‌మెంటులో చేరాడు. మధులత కంపెనీ ఆసుపత్రిలో పుట్టింది, కంపెనీ స్కూల్లో చదివింది, డిగ్రీ అయిన ఏడే మైకు గదిలో కూర్చుంది. ఊరి చివర చిన్న దిబ్బ మీద ఉంటుంది ఆ గది. ఒకే కిటికీ, దాని నిండా సముద్రం. మాఘమాసపు మంచులో ఆ కిటికీ తెల్లగా అయిపోయేది. నీరెక్కడుందో ఆకాశమెక్కడుందో తెలిసేది కాదు. అప్పుడు మైకు ముందు కూర్చుంటే ఆమెకి తన గొంతు తనది కానట్టు ఉండేది. ఎవరో నిద్రలో పలవరిస్తుంటే తాను పక్కన కూర్చుని వింటున్నట్టు ఉండేది.

రద్దు ఎందుకయిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంపెనీ పెద్దలు రాజధానిలో ఎవరితోనో మాటపట్టింపుకి పోయారని కొందరన్నారు. సముద్రపు ఒడ్డు మీద కంపెనీకి హక్కేమిటని పక్కనున్న పోలమ్మపాలెం బెస్తవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగిందే చివరికి పైదాకా వెళ్ళిందని కొందరన్నారు. ఏమయితేనేం, కంపెనీ చేతులెత్తేసింది. కార్పొరేషన్ ఇంకా చెయ్యి వెయ్యలేదు. ఆ మధ్య కొన్నాళ్ళు ఆ ఊరు ఎవరిదీ కాకుండా ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న చీటీ రాలేదు. చీటీకి బదులు శివరామకృష్ణ గారు వచ్చారు. ఆయన పట్టణ మండలి కార్యదర్శి. గుడివాడ వైపు మనిషి, రిటైర్మెంటుకి దగ్గర పడ్డాడు. మధులత ఇన్నేళ్ళూ చదివిన ప్రతి మాటా ఆయన రాసిందే. తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇవాళ చదవడానికేం లేదమ్మా," అన్నాడు.

"పోనీ నీళ్ళ సంగతి?"

"వస్తాయనే అనుకుంటున్నా. కానీ వస్తాయని చెప్పే అధికారం నిన్నటితో పోయింది కదా."

"మరి నేనేం చెయ్యమంటారు సార్?"

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. "ఏమో. నాకు తెలీదు," అని లేచి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. తనకి తెలియదని ఆయన అనడం మధులత ఎప్పుడూ వినలేదు.

గడియారం ఆరు దగ్గరికి వచ్చింది. చెయ్యి దానంతట అదే వెళ్ళి స్విచ్చి నొక్కింది. స్తంభాల మీద హారన్లు అన్నీ ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు గరగరమన్నాయి. ఊరంతా చెవి ఒగ్గి ఉంది. మధులత కిటికీలోకి చూసింది.

"ఈ రోజు సముద్రం నెమ్మదిగా ఉంది," అంది. "మంచు బాగా పట్టింది. గాలి దక్షిణం నుంచి వస్తోంది." ఇంకేం చెప్పాలో తోచక ఆపేసింది.

రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన ఆమె భర్త సాయిశంకర్ కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు. "ఏంటి మధూ, గాలి గురించి చెప్పావు?"

"చెప్పడానికి ఇంకేం లేదండి."

"బస్సులో అందరూ కిటికీలు తీసి చూశారు, నిజంగా దక్షిణం నుంచే వస్తోందా అని." అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు. "వస్తోంది."

ఆ తరవాతి రోజుల్ని తలుచుకుంటే మధులతకి వాటి వరస గుర్తురాదు. ఏది ముందు, ఏది వెనక అన్నది కలిసిపోయింది. కలలో సంగతులు అలాగే ఉంటాయి. గేటు దగ్గర గార్డులు ఒక సాయంత్రం తమ టోపీలు గదిలో మేకుకి తగిలించి వెళ్ళిపోయారు. ఎత్తిన గేటు ఎత్తినట్టే ఉండిపోయింది. దాని కిందనుంచి ముందుగా లోపలికి వచ్చింది ఒక ఆవు. అది స్కూలు ముందు పచ్చగడ్డి మీద పడుకుని రెండ్రోజులు లేవలేదు. డాబాల మీద చీరలు బారుగా ఎగిరాయి. అన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఇన్ని రంగుల చీరలు ఉన్నాయని ఎవరికీ తెలియదు. ఎవరో మేడ మీద మినప వడియాలు పెట్టారు. ఎవరో ఇంట్లో నెత్తళ్ళ చేపలు వేయించారు, ఆ వాసన వీధి మొత్తం నడిచింది, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. చేద్దామన్నా ఎవరికి చేస్తారు? చెత్త మాత్రం మూలమూలా పేరుకుంది. ఒక సాయంత్రం కరెంటు పోయి, ఆ ఊరి పిల్లలు మొదటిసారి వీధంతా చీకటి పడటం చూశారు. వాళ్ళు భయపడలేదు. గోడల మీద ఎక్కి కూర్చుని నక్షత్రాలకి పేర్లు పెట్టుకున్నారు.

ఒడ్డున బోట్లు కనపడ్డాయి. పోలమ్మపాలెం వాళ్ళు వలలు తెచ్చి కంపెనీ ఇసుక మీద ఆరేశారు. నీలం వలలు, ఆకుపచ్చ వలలు. పొద్దున్న వాకింగుకి వెళ్ళిన శివరామకృష్ణ గారు వాటి అంచు దగ్గర ఆగాడట. వద్దని చెప్పడానికి చెయ్యి ఎత్తాడట. ఎత్తిన చెయ్యి దించి, "ఇదేం చేప?" అని అడిగాడట. ఆయనకి కానాగంతలు నాలుగు ఆకులో చుట్టి ఇచ్చారు. ఆయన శాకాహారి. అయినా తీసుకుని ఇంటికి వెళ్ళాడని ఊళ్ళో చెప్పుకున్నారు.

మధులత రోజూ దిబ్బ ఎక్కుతూనే ఉంది. ఇవాళ దూరంగా మూడు ఓడలు లంగరేసి ఉన్నాయని చెప్పింది. ఇవాళ కొంగలు వచ్చాయని చెప్పింది. ఎ సెక్టారులో నీళ్ళు వస్తున్నాయి కాబట్టి సి సెక్టారు వాళ్ళు బిందెలు తీసుకుని అక్కడికి వెళ్ళవచ్చని, వచ్చినవాళ్ళని కాదనవద్దని ఒక రోజు చెప్పింది. అది ఎవరూ రాసివ్వలేదు. జనం వెళ్ళారు, ఎవరూ కాదనలేదు. అప్పుడు ఆమెకి కొంచెం భయమేసింది.

ఆ భయానికి పక్కింటి పద్మావతి మాట తోడయింది. ఆమె మంచిదే, కాని మాట సూటిగా వదులుతుంది. గోడ మీంచి, "ఎవరు చెప్పమన్నారని చెబుతున్నావు మధులతా?" అని అడిగింది. అంతే అడిగింది. మధులత ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చేసింది. రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. తెల్లవారాక ఆమె దిబ్బ ఎక్కలేదు. వంటింట్లో కూర్చుని, హారన్లు మూగగా ఉండటం విన్నది. ఊరి మీద అంత పెద్ద నిశ్శబ్దం ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఎండెక్కాక వీధి తలుపు చప్పుడయింది. తీస్తే కాసులమ్మ. గేటు దగ్గర బయటివైపు కూర్చుని చేపలమ్మే మనిషి. ఏళ్ళ తరబడి మధులత ఆమె దగ్గరే కొంటోంది. ఇటు మధులత, అటు కాసులమ్మ, మధ్యలో గేటు. కాసులమ్మని గేటు ఇవతల చూడటం ఇదే మొదలు. నెత్తిన గంప లేదు. చేతులూపుకుంటూ వచ్చింది.

"బతికే ఉన్నావా తల్లీ," అంది కాసులమ్మ గుమ్మంలో కూలబడుతూ. "మావోడు సూసి రమ్మన్నాడు. పొద్దున్న నీ మాట ఇనపళ్ళేదని అన్నం ముట్టనేదు."

"నా మాటా? మీ ఆయనకా?"

"మరేటి. నీ మాట మీకొక్కరికే ఇనపడతాదనుకున్నావేటి? గాలి ఒడ్డు మీంచి కొడితే సముద్రం మీదకి వచ్చీది. మంచులో మావోళ్ళు బోటు తిప్పుకొచ్చీటప్పుడు, నీ గొంతు ఇనపడితే అదిగో ఒడ్డు అనుకునీవోళ్ళు. మైకమ్మ లేసింది, ఇంటికెళ్ళిపోదాం అనీవోళ్ళు."

"ఫోన్లో దారి కనపడుతుంది కదా కాసులమ్మా."

"కనపడతాది. గీత కనపడతాది. గీత సూత్తే ఆకలేత్తాదేటి?"

మధులత లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. కాసులమ్మ గ్లాసు పైకెత్తి గొంతులో పోసుకుని, మూతి తుడుచుకుని, మామూలుగా అంది. "సోమారం సోమారం సెప్పీదానివి కదా. బయటోళ్ళు ఒడ్డుకి రాకూడదు, వలలు ఆరెయ్యకూడదు, బోట్లు ఎక్కించకూడదు. మా పిల్లలు అది పాట కట్టి ఆడుకునీవోళ్ళు. మమ్మల్ని పొమ్మనే మాటే గానీ, గొంతు మా సక్కగుండీది."

మధులత ఖాళీ గ్లాసు అందుకుంది. ఆ వాక్యం ఆమె ఎన్ని సోమవారాలు చదివిందో లెక్క లేదు. బయటివాళ్ళు అన్న మాటకి ఒక మొహం ఉంటుందని, ఆ మొహం ఇలా గుమ్మంలో కూర్చుని మజ్జిగ తాగుతుందని చదువుతున్నప్పుడు ఎప్పుడూ తోచలేదు.

"కోపం రాలేదా?" అని అడిగింది.

"వచ్చీది. వత్తే ఏటి సేత్తాం. కోపమొచ్చినా నీ గొంతు కోసమే సూసీవోళ్ళం కదా." కాసులమ్మ లేచి చీర దులుపుకుంది. "రా మాయింటికి. మావోడు నిన్ను సూడాలన్నాడు. ఎంత దూరమని, ఆ గోడ అవతలే."

గోడ అవతలే. మధులత పుట్టినప్పటినుంచీ ఆ గోడ చూస్తోంది, అవతలికి పోలేదు. ఇద్దరూ తీరం వెంట నడిచారు. గోడ సముద్రం దాకా వచ్చి ఇసుకలో కూరుకుపోయిన చోట, పక్కనుంచి ఒక అడుగు వేస్తే చాలు, పోలమ్మపాలెం. ఇక్కడ గాలికి ఉప్పు ఎక్కువున్నట్టు, ఎండకి వెలుతురు ఎక్కువున్నట్టు ఆమెకి తోచింది. ఇసుక అదే, సముద్రం అదే.

కాసులమ్మ మొగుడు నూకాలు బోటు నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నల్లగా, సన్నగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు గానీ మళ్ళీ కూర్చున్నాడు.

"ఈవేనా?" అన్నాడు పెళ్ళాంతో.

"ఈవే."

"ఇంకా పెద్దగా ఉంటాదనుకున్నాను."

అందరూ నవ్వారు. మధులత కూడా నవ్వింది. కాసులమ్మ కవళ్ళ చేపల పులుసు పెట్టింది. పులుపు, కారం కలిసి కళ్ళలో నీళ్ళు తెప్పించాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి గుమ్మం చుట్టూ చేరారు. ఒక్కొక్కరూ ఏదో ఒకటి చెప్పమని అడిగారు, ఆ గొంతు ఆ నోట్లోంచే వస్తోందో లేదో చూడటానికి. ఆమె ఏం చెప్పినా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలూపారు. వెళ్ళేటప్పుడు నూకాలు, "రేపు మాటాడతావు కదమ్మా?" అని అడిగాడు.

"మాట్లాడతాను అన్నా," అంది.

మాట్లాడింది. కార్పొరేషన్ వచ్చేదాకా రోజూ మాట్లాడింది. పద్మావతి మళ్ళీ అడిగితే చెప్పడానికి ఆమెకి ఇప్పుడు జవాబుంది. కాని పద్మావతి అడగలేదు.

కార్పొరేషన్ ఒక తెల్ల జీపులో వచ్చింది. జీపులోంచి దిగిన అధికారి పేరు అనూరాధ. నలభై దాటని మనిషి, అలిసిన కళ్ళు, మాట మెత్తన. రోడ్లు చూసింది, మోటార్లు చూసింది, చెత్త చూసి తల పట్టుకుంది. చివరికి దిబ్బ ఎక్కి మైకు గదికి వచ్చింది. కిటికీ ముందుకి వచ్చి సముద్రం చూసింది.

"ఇంత మంచి గది మా ఆఫీసులో ఎవరికీ లేదండి," అంది. తరవాత మధులత వైపు తిరిగింది. "దీన్ని ఉంచలేం. ఒక్క వార్డులో మైకు పెడితే అన్ని వార్డులూ అడుగుతాయి. పైగా మైకులకి వేరే నిబంధనలున్నాయి. మీకు చెప్పాలంటే నాకే బాధగా ఉంది."

"తెలుసండి," అంది మధులత.

"కంపెనీ మిమ్మల్ని స్టోర్సులోకి తీసుకుంటానందట కదా. వద్దనుకుంటే ఇక్కడ వార్డు ఆఫీసు పెడుతున్నాం, గేటు పక్క గార్డుల గదిలో. పోలమ్మపాలెం కూడా ఇదే వార్డు. వచ్చినవాళ్ళతో మాట్లాడే మనిషి కావాలి. జీతం మాత్రం తగ్గుతుంది."

మధులత ఆ సాయంత్రం సాయిశంకర్‌ని అడిగింది. అతను, "స్టోర్సులో బోల్టులతో ఏం మాట్లాడతావులే," అన్నాడు.

హారన్లు దించడానికి ఇద్దరు ఎలక్ట్రీషియన్లు వచ్చారు. ఒక హారన్‌లో గోరింకల గూడుంది. గుడ్లు కూడా ఉన్నాయి. దాన్ని వాళ్ళు వైరు కోసేసి అలాగే వదిలేశారు. మిగతావన్నీ ఆటోలో వేసుకుపోయారు. మధులత దగ్గరుండి చూసింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. ఒళ్ళంతా తేలికగా, జ్వరం తగ్గిన మర్నాటిలా ఉంది. మైకు గది తాళం శివరామకృష్ణ గారి చేతిలో పెడితే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎప్పుడూ అడగలేదు గానీ, నేను రాసింది చదవడం కష్టంగా ఉండేదా అమ్మా?"

"మీ చేతిరాత బాగుంటుంది సార్."

"అది కాదు నేనడిగింది."

"కొన్ని ఉండేవి," అంది మధులత. "చదివేటప్పుడు తెలియలేదు."

ఆయన తల ఊపాడు. తాళం జేబులో వేసుకుని దిబ్బ దిగాడు.

వార్డు ఆఫీసులో చేరడానికి ముందు ఆదివారం నూకాలు ఆమెని బోటు ఎక్కించుకున్నాడు. ఒక్కసారి సముద్రం మీదనుంచి ఊరిని చూడాలని ఆమే అడిగింది. ఇంకా వెలుతురు రాకముందే బయలుదేరారు. నూకాలు, అతని తమ్ముడు వరహాలు, మధులత. ఆమె ఒడిలో కాసులమ్మ కట్టిచ్చిన చద్దన్నం. మోటారు పటపటమంటూ అలలు దాటించింది. కాసేపటికే మంచు అన్నివైపులా మూసుకుంది. వెనక ఒడ్డు లేదు, ముందు ఏమీ లేదు. నీళ్ళు బోటు పక్కన నల్లగా, నూనెలా కదులుతున్నాయి. మధులత ఒకసారి బోటు అంచు మీద వంగి కక్కింది. వరహాలు నీళ్ళచెంబు అందించాడు.

వల లాగి, తిరిగి వస్తుంటే, ఒక చోట నూకాలు మోటారు ఆపేశాడు.

"ఇక్కడికి వచ్చీదమ్మా," అన్నాడు.

"ఏది అన్నా?"

"నీ మాట. ఇక్కడ ఇనపడీది మొదలు. ముందు సన్నగా, దోమలాగ. అప్పుడు మాటలు తెలిసీవి."

మధులత చెవి ఒగ్గింది. బోటు నెమ్మదిగా ఊగుతోంది. ముందేమీ వినపడలేదు. తరవాత ఒక్కొక్కటే వచ్చాయి. పోర్టు వైపునుంచి ఓడ కూత, లావుగా, ఎవరో గుహలోంచి పిలిచినట్టు. ఎక్కడో కుక్క. బస్సు హారన్. అలలు విరిగే చప్పుడు. ఆ చప్పుళ్ళ నడుమ ఒక మనిషి గొంతంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ తనదని ఆమెకి తెలిసింది. అది బాధగా లేదు. చిన్నప్పుడు నాన్న భుజం మీద నిద్రపోతూ ఇల్లు దగ్గరవుతోందని తెలిసినట్టుగా ఉంది.

"ఇప్పుడు ఒడ్డు ఎలా తెలుస్తుంది మీకు?" అని అడిగింది.

నూకాలు ఆలోచించాడు. "తెలుత్తాది. ముందు తెలిసీదే కదా, మా తాతకి మైకు నేదు. కొంచెం ఆలీసం." అని మోటారు తాడు లాగాడు.

మంచు పలచబడింది. తీరం మీద తెల్లగా ఒక గీత తేలింది. అందులో తన ఇల్లు ఏదో పోల్చుకుందామని చూసింది గానీ, అంత దూరంనుంచి రత్నకేతు నగర్ ఎక్కడ ఆగిందో, పోలమ్మపాలెం ఎక్కడ మొదలయిందో తెలియలేదు. రెంటి మీదా పొగ లేస్తోంది. ఎండ తగిలి కొండ ఎర్రబడింది.

బోటు ఇసుకని తాకగానే ఆడవాళ్ళు చీరలు దోపుకుని నీళ్ళలోకి వచ్చారు. వరహాలు నీళ్ళలోకి దూకి, బోటుని ఒడ్డుకి లాగే తాడు విసిరాడు. దాని కొస బోటులో ఉన్న మధులత పక్కనే నీళ్ళలో పడింది.

"సూత్తావేటమ్మా, పట్టుకో బేగి," అని కాసులమ్మ ఒడ్డునుంచి కేకేసింది.

మధులత మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. తాడు తడిసి బరువుగా, గరుగ్గా ఉంది. ముందు ఎవరో, వెనక ఎవరో, అందరితో పాటు ఆమె కూడా కాళ్ళు ఇసుకలో పాతి లాగడం మొదలుపెట్టింది.